ఓరుగల్లు కోట: పేరులోనే ఉన్న రాయి

మా అమ్మాయిని వెంటబెట్టుకుని ఓరుగల్లు కోటకు వెళ్లి, చూపించడానికి ఒక గైడును మాట్లాడుకున్నాను. ‘ఒరు కల్లు’ అంటే ఒకే రాయి అని, సంస్కృతంలో ఏకశిలానగరమన్న పేరు కూడా దానినే చెబుతుందని ఆయన మమ్మల్ని ఏకశిల గుట్ట ఎదుట నిలబెట్టి వివరించిన తీరు నాకెంతో నచ్చింది.

1323లో కాకతీయ రాజ్యం పతనమైన తరువాత నేలమట్టమైన స్వయంభూ ఆలయం చుట్టూ నాలుగు కీర్తితోరణాలు నేటికీ నిలిచే ఉన్నాయి. వాటి కొసల మీద చెక్కిన హంసలను మా అమ్మాయి తల పైకెత్తి చాలాసేపు చూసింది. తొందరపెట్టకుండా ఆగినందుకు ఆయనకు కృతజ్ఞతలు.

ఇక్కడి నుంచే పాలించిన గణపతిదేవుడు 1244-45లో తీరాన మోటుపల్లి రేవులో సముద్ర వర్తకులకు అభయశాసనం వేయించిన సంగతిని కూడా ఆయన చెప్పి ఉంటే బాగుండేది. వేసవిలో వెళ్లేవారు పొద్దున్నే బయలుదేరండి, లోపల నీడ తక్కువ.