వన్ అవుట్స్ రివ్యూ: టోకుచి చెప్పిన అబద్ధం ఏదో వెతికి పట్టుకోండి

నేను ఒక అవుట్ తీస్తే మీరు 50 లక్షల యెన్లు ఇవ్వాలి, నేను ఒక రన్ ఇస్తే మీకు 5 కోట్ల యెన్లు ఎదురు కడతాను, వేరే జీతం గీతం ఏమీ వద్దు. వన్ అవుట్స్ అనే ఆనిమేలో (జపాన్ యానిమేషన్ సీరీస్) టోకుచి టోవా అనే బేస్‌బాల్ పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు, తన టీమ్ ఓనర్ సాయికావా ముందు పెట్టే ఒప్పందం ఇంతే, రెండు ముక్కల్లో అయిపోతుంది. నేను ఆ సీన్ దగ్గర వీడియో ఆపేసి కాగితం తెచ్చుకుని లెక్క వేశాను, ఎందుకంటే మొదటిసారి విన్నప్పుడు నాకు కూడా ఇందులో ఓనర్‌కే లాభం అనిపించింది.

లెక్క మీరూ వేసి చూడండి. బేస్‌బాల్లో తొమ్మిది ఇన్నింగ్స్, ఇన్నింగ్స్‌కి మూడు అవుట్లు, మొత్తం 27. అన్నీ ఒక్కడే తీస్తే 13 కోట్ల 50 లక్షల యెన్లు చేతికొస్తాయి. చాలా పెద్ద మొత్తం. కానీ అదే మ్యాచ్‌లో మూడు రన్లు ఇచ్చాడంటే 15 కోట్లు కట్టాలి, అంటే వచ్చిందంతా పోగా ఇంకో కోటిన్నర బాకీ పడతాడు. తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున మూడు రన్లు ఇచ్చే వాణ్ణి ప్రొఫెషనల్ బేస్‌బాల్లో మంచి పిచ్చర్ అనే అంటారు. మంచి పిచ్చరే మునిగిపోయే ఒప్పందంలో, బంతికి వేగం లేనివాడు, గాల్లో వంపు తిరిగే బంతి ఒక్కటి కూడా వేయనివాడు, అప్పటిదాకా ప్రొఫెషనల్ మ్యాచ్ అనేది ఆడనే ఆడనివాడు ఎంత కాలం నిలబడతాడు? సాయికావాకి ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు. డబ్బు మనిషి, తనే వేసుకుంటాడు. తను వేసుకున్న లెక్క కాబట్టే దాన్ని అనుమానించడు.

టోకుచి అక్కడ ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. షరతులన్నీ ముందే చెప్పాడు, దాచిందేమీ లేదు. సాయికావా దురాశే మిగతా పని చేసింది. ఎదుటివాళ్ళని మాటలతో ఆడించే పాత్రలంటే నాకు మొదటి నుంచీ పిచ్చి, ఆనిమేలో అలాంటివాళ్ళు ఎక్కడ ఉన్నారంటే అక్కడికి వెళ్ళి చూస్తాను. ఆ వరసలో టోకుచికి దగ్గరగా వచ్చేవాళ్ళు నాకు ఇద్దరు ముగ్గురు కూడా కనిపించలేదు.

చూడనివాళ్ళ కోసం కొంచెం వివరం. మూలం కైతానీ షినోబు మాంగా (జపనీస్ కామిక్), 1998లో మొదలైంది. లయర్ గేమ్ మాంగా కూడా ఈయనదే, కాబట్టి మోసం ఎలా పనిచేస్తుందో ఆలోచించడం ఈయనకి కొత్త కాదు. ఆనిమే చేసింది మ్యాడ్‌హౌస్ స్టూడియో, 2008 అక్టోబర్ నుంచి 2009 మార్చి వరకు జపాన్ టీవీలో వచ్చింది, మొత్తం 25 ఎపిసోడ్లు. దర్శకుడు సాతో యూజో, అంతకుముందు అకాగి, కైజీ తీసింది ఆయనే. ఆ రెండింట్లోనూ హీరోకి గొంతు ఇచ్చిన హగివారా మసాతోనే ఇక్కడ టోకుచికి కూడా ఇచ్చాడు. ఈయన అసలు నటుడు, వింటర్ సొనాటా అనే కొరియన్ సీరియల్ జపనీస్ డబ్బింగ్‌లో హీరో గొంతు కూడా ఈయనదే. కైజీలో ఇదే గొంతు మోసపోయి గుండెలు బాదుకుని ఏడుస్తుంది. ఇక్కడ ఎక్కడా పైకి లేవదు, తొందర ఉండదు, సిగరెట్ వెలిగించుకుంటూ ఎవరితోనో టైమ్ చెప్తున్నట్టు మాట్లాడుతుంది. అందుకే దయచేసి జపనీస్ ఆడియో పెట్టుకుని సబ్‌టైటిల్స్‌తో చూడండి, ఈ సీరీస్‌లో సగం మజా ఆ గొంతులోనే ఉంది.

కథ ఒకినావాలో మొదలవుతుంది. సైతామా లైకయాన్స్ అనే ఓడిపోయే జట్టులో కొజిమా అనే పెద్ద బ్యాటర్ ఉంటాడు, జీవితమంతా ఆడాడు, ఒక్క ఛాంపియన్‌షిప్ కూడా దక్కలేదు. ప్రాక్టీస్ కోసం ఒకినావా వచ్చినప్పుడు అక్కడ రాత్రిపూట పందెం కాసి ఆడే ఆట ఒకటి అతని కంటపడుతుంది. ఒక పిచ్చర్, ఒక బ్యాటర్, అంతే. దాని పేరే వన్ అవుట్స్. అందులో టోకుచి రికార్డు 499 గెలుపులు, ఓటమి సున్నా. కొజిమా దిగుతాడు, ఓడిపోతాడు, వెళ్ళి తనని తాను సిద్ధం చేసుకుని మళ్ళీ వస్తాడు. రెండోసారి ఏం జరిగిందో నేను చెప్పను, ఆ పట్టుదల ఫలితంగా టోకుచి లైకయాన్స్‌లోకి వచ్చి పడతాడు అన్నంత వరకు చాలు. పై ఒప్పందం ఆ తర్వాతే వస్తుంది.

ఇక టోకుచి బంతి వేసే పద్ధతి గురించి. వేగం తక్కువ, వేసేది ఎప్పుడూ స్ట్రెయిట్ బంతే. మార్చేది బంతి తిరిగే తీరుని మాత్రమే, అది కూడా బ్యాటర్ కంటికి సులువుగా అందదు. ఒక బంతికి ముందు సీన్ ఎలా ఉంటుందో చెప్తాను. బ్యాటర్ కాళ్ళు సర్దుకుంటాడు, మనకి అతని మనసులో మాటలు వినిపిస్తాయి, వీడు ఇందాక లోపలికి వేశాడు కదా, ఇప్పుడు బయటికి వేస్తాడు, లేదు లేదు, నేను బయటికి అనుకుంటానని వీడికి తెలుసు కాబట్టి మళ్ళీ లోపలికే వేస్తాడు. ఇలా నాలుగు మెట్లు దిగిపోతాడు. ఈ లోపల టోకుచి చేతులు జేబులో పెట్టుకున్నంత నింపాదిగా నిలబడి అతని భుజాలు చూస్తూ ఉంటాడు. బంతి వస్తుంది. సరిగ్గా నడిమధ్య, చిన్న పిల్లాడు కూడా కొట్టగలిగే బంతి. బ్యాటర్ బ్యాటు కదలదు. అతన్ని ఆపింది బంతి కాదు, అతని ఆలోచనలే.

గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఈ సీరీస్‌లో బ్యాటర్ల మనసు మనకి వినిపిస్తుంది, ఓనర్ మనసు వినిపిస్తుంది, టోకుచి మనసు మాత్రం దాదాపు వినిపించదు. అయిపోయాక క్యాచర్ ఇదెగుచి అడిగితే ఏదో రెండు మాటలు చెప్తాడు. అందువల్ల మనం ఎప్పుడూ మోసపోయేవాళ్ళ పక్కన కూర్చుని చూస్తాం, వాళ్ళతో పాటే తప్పు అంచనాలు వేస్తాం. నాకు ఇది చాలా గొప్పగా అనిపించింది. హీరో తెలివైనవాడు అని పక్క పాత్రలతో వంద సార్లు పొగిడించే సీరీస్‌లు చాలా ఉన్నాయి, వాటిలో ఆ తెలివిని మనం నమ్మాలి తప్ప మనకి తగలదు. ఇక్కడ తగులుతుంది.

ఈ రకం పాత్రల్లో నాకు తెలిసినంతలో టోకుచికి నిజమైన చుట్టం మడోకా మాజికాలో క్యూబే. 2011లో వచ్చిన సీరీస్ అది. తెల్లగా, బొమ్మలా ఉండే జంతువు, ఆడపిల్లల దగ్గరికి వచ్చి, నాతో ఒప్పందం చేసుకో, నీ కోరిక ఒకటి తీరుస్తాను అంటుంది. కోరిక నిజంగానే తీరుస్తుంది. ఆరో ఎపిసోడ్‌లో మడోకా అనే అమ్మాయి, క్యూబేతో ఒప్పందం చేసుకున్న తన స్నేహితురాలు సాయాకా దగ్గరున్న సోల్ జెమ్ అనే రాయిని వంతెన మీంచి విసిరేస్తుంది, అది కింద వెళ్తున్న వాహనం మీద పడి దూరంగా పోతుంది, సాయాకా ఉన్నచోటే ప్రాణం పోయినట్టు కుప్పకూలిపోతుంది. క్యూబే అప్పుడు తాపీగా చెప్తుంది, అసలు సాయాకా అంటే ఆ రాయే, దాని నుంచి శరీరాన్ని నడపగలిగేది మహా అయితే 100 మీటర్ల దూరం అని. ముందే ఎందుకు చెప్పలేదంటే మీరు అడగలేదు కదా అంటుంది. ఆ ఒక్క జవాబు విన్నాక నాకు చాలా రోజులు మనసు కుదుటపడలేదు. కోపం రావాలి, వస్తుంది కూడా, కానీ వెనక్కి వెళ్ళి చూస్తే క్యూబే చెప్పిన ప్రతి మాటా నిజమే. టోకుచి దగ్గర చప్పట్లు కొట్టిన నేనే ఇక్కడ వణికిపోయాను. పద్ధతి ఒకటే, ఎదురుగా ఉన్నది కోట్లున్న ఓనరా లేక పద్నాలుగేళ్ళ పిల్లా అనేదే తేడా.

డెత్ నోట్‌లో రెండో ఎపిసోడ్ కూడా ఇలాంటిదే. పేరు రాస్తే మనిషి చచ్చిపోయే నోటుబుక్ లైట్ అనే కుర్రాడి దగ్గర ఉంటుంది, అతన్ని పట్టుకోవాలని చూసే డిటెక్టివ్ పేరు ఎల్. టీవీలో ఒకడు నేనే ఎల్ అని లైట్‌ని రెచ్చగొడతాడు, లైట్ ఆవేశంతో వాణ్ణి చంపేస్తాడు, వెంటనే అసలు ఎల్ గొంతు వినిపిస్తుంది, ఈ ప్రసారం టోక్యో ఉన్న కాంతో ప్రాంతంలో ఒక్కచోటే వచ్చింది, కాబట్టి నువ్వు ఉన్నది అక్కడే అని. అందరినీ ఆడించే లైట్ మొదటి దెబ్బ తినడానికి అతని అహంకారం చాలింది. అందరికీ పట్టుకోవడానికి ఒక పిడి ఉంటుంది అన్నమాట, లైట్‌కి అహంకారం, సాయాకాకి ప్రేమ, సాయికావాకి డబ్బు.

అదే బ్లీచ్ అనే సీరీస్‌లో విలన్ ఐజెన్ విషయానికి వస్తే నాకు అంత సంతృప్తి లేదు. కళ్ళజోడు తీసి జుట్టు వెనక్కి దువ్వుకునే ఆ సీన్ అద్భుతంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ అతని కత్తికి ఎదుటివాళ్ళ ఇంద్రియాలన్నిటినీ భ్రమలో పెట్టే శక్తి ఉంది. అలాంటి శక్తి ఉన్నవాడు ఎవరినైనా మోసం చేయగలడు, అందులో మనం కనిపెట్టడానికి ఏమీ మిగలదు. అభిమానులు నాతో గొడవ పడతారని తెలుసు, అయినా నా అభిప్రాయం ఇదే. మాయ చేసి ముంచితే ఆశ్చర్యపోతాను, మాటతో ముంచితే ఎపిసోడ్ అయిపోయాక కూడా నిద్రపట్టక ఆలోచిస్తాను.

నాకు ఇవి ఇంతగా ఎందుకు పట్టుకుంటాయో నాకు బాగానే తెలుసు. ఒకప్పుడు పనిలో నా పైన ఒకాయన ఉండేవారు. ఈ పని నీ అంత శ్రద్ధగా ఇంకెవరూ చేయలేరమ్మా అనేవారు. అది నిజమే, నేనే బాగా చేసేదాన్ని. ఆ నిజం పట్టుకుని రెండేళ్ళ పాటు నలుగురి పని నాతో చేయించారు, ఒక్కసారి కూడా గట్టిగా మాట్లాడలేదు, ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. బయటపడ్డాక ఎవరైనా ఏం జరిగిందని అడిగితే నా దగ్గర జవాబు ఉండేది కాదు, ఆయన నన్నేం చేశారని చెప్పను? సాయికావా తన లెక్క తనే వేసుకుని మురిసిపోయే సీన్‌లో నాకు ఆ జవాబు దొరికింది. మోసపోయేటప్పుడు మనిషి ముఖం ఎంత సంతోషంగా ఉంటుందో నేను మొదటిసారి బయట నుంచి చూశాను.

సీరీస్‌లో లోపాలు లేవా అంటే ఉన్నాయి. బొమ్మలు చాలా చోట్ల కదలవు, ముఖం దగ్గరగా చూపించి మాటలతో నెట్టుకొస్తారు. టోకుచి, కొజిమా, ఇదెగుచి కాకుండా లైకయాన్స్‌లో మిగతావాళ్ళ పేర్లు నాకు ఇప్పటికీ సరిగా గుర్తులేవు, అందరూ మొదట వెక్కిరించి తర్వాత నోరు వెళ్ళబెట్టే పనికే ఉన్నారు. ఆడవాళ్ళ పాత్రలు లేనట్టే. మధ్యలో మోసాలు చేసే బ్లూమార్స్ జట్టుతో మ్యాచ్ మాత్రం ప్రాణం పెట్టి రాశారు, అక్కడ ఇరుపక్కలా కంత్రీలే కాబట్టి ఏ ఎపిసోడ్ దగ్గరా ఆపలేకపోయాను. తన జట్టు గెలుస్తుంటే డబ్బు పోతోందని ఓనరే సొంత జట్టు ఓడిపోవడానికి ఎత్తులు వేయడం, మేనేజర్ మిహారా ఓనర్‌కీ టోకుచికీ మధ్య నలిగిపోవడం కూడా బాగా కుదిరాయి.

అన్నిటికంటే పెద్ద కష్టం ముగింపు. 25వ ఎపిసోడ్‌తో మాంగా కథ పూర్తవదు, మధ్యలో ఒక మజిలీ దగ్గర ఆగిపోతుంది, రెండో సీజన్ రాలేదు. ఓనర్‌తో టోకుచి లెక్క ఎక్కడ తేలుతుందో చూడాలని అంత దూరం వచ్చినవాళ్ళకి ఇది అన్యాయమే.

బేస్‌బాల్ రాకపోతే ఎలా అని ఆలోచించకండి. నాకు స్ట్రైక్ అంటే ఏమిటో కూడా సరిగా తెలియకుండానే మొదలుపెట్టాను, మూడో ఎపిసోడ్‌కి అర్థమైపోయింది, కావలసిన రూల్ కావలసినప్పుడు వాళ్ళే చెప్తారు. మంచివాడైన హీరో కావాలనుకునేవాళ్ళు, ఆటలో స్నేహం, కన్నీళ్ళు, కలిసి గెలవడం చూడాలనుకునేవాళ్ళు దీని జోలికి రాకండి, టోకుచి మీకు నచ్చడు. మిగతావాళ్ళందరికీ 5కి 4.5 ఇచ్చి మరీ చెప్తున్నాను, చూడండి. కథ ముందే ఎక్కడా చదవకండి. ఒప్పందం సీన్ దగ్గర ఆపి మీరే లెక్క వేసుకోండి.

నేను ఇప్పుడు మాంగా తీశాను. ఆనిమే ఆగిన చోటు నుంచి కాకుండా మొదటి పేజీ నుంచే చదువుతున్నాను, సాయికావా ముఖం కాగితం మీద ఎలా గీశారో చూడాలని.