డాక్టరమ్మకు ఐదు స్టార్లు, మందుల కౌంటరుకు రెండు

ఈ కాన్పుల ఆసుపత్రికి మొదటిసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరమ్మ మా ఆవిడ రిపోర్టు చూసి, నావైపు తిరిగి "మీ బ్లడ్ గ్రూపేంటండీ?" అన్నారు. కడుపుతో ఉన్నది తను కదా, నాదెందుకు అనుకున్నాను. తనది ఓ నెగెటివ్, నాది బి పాజిటివ్. వెంటనే ఫైలు అట్ట మీద ఎర్ర పెన్నుతో 'నెగెటివ్' అని పెద్దగా రాసి, తన ఒంట్లో పాజిటివ్ రక్తాన్ని ఎదిరించే యాంటీబాడీలు ఉన్నాయేమో చూసే కూంబ్స్ టెస్టు చేయించారు. యాంటీబాడీలు లేవని వచ్చింది. ఏడో నెలలో, 28 వారాలకు, అవి తయారవకుండా యాంటీ-డి ఇంజెక్షన్ వేశారు. ఓపీలో ప్రతిసారీ గంటన్నర కూర్చోబెట్టినా వేరేచోటికి మారకపోవడానికి ఆవిడే కారణం.

శనివారం రాత్రి నార్మల్ డెలివరీ, బాబు. బొడ్డుతాడు రక్తం ల్యాబుకు పంపితే వాడిదీ బి పాజిటివే. అంటే 72 గంటల్లోపు మళ్లీ యాంటీ-డి వేయాలి. "బిడ్డ బయటికొచ్చేశాడుగా, ఇంకా సూది దేనికమ్మా?" అని మా అత్తగారు అడిగితే నైట్ డ్యూటీ సిస్టర్ ఓపిగ్గా చెప్పింది. కాన్పులో బిడ్డ రక్తం కాస్త తల్లి రక్తంలో కలుస్తుందట. దాని మీద తల్లి ఒంట్లో యాంటీబాడీలు తయారైతే వీడికేం కాదు గానీ, తర్వాతి బిడ్డ కూడా పాజిటివ్ అయితే కడుపులోనే వాడి ఎర్రకణాలను పగలగొడతాయి. అవి తయారవకుండానే ఈ సూది. బాబు నెగెటివ్ అయ్యుంటే అక్కర్లేదట.

తీరా చూస్తే కింద కౌంటర్లో ఆ ఇంజెక్షన్ లేదు! కాన్పుల ఆసుపత్రిలో యాంటీ-డి లేకపోవడం ఏంటండీ? నెలల తరబడి ఫైలు మీద ఎర్రక్షరాలు కనబడుతూనే ఉన్నాయి కదా. ఆదివారం, సగం షాపులు మూత. నాలుగో షాపులో దొరికింది. ఫ్రిజ్‌లో ఉండాల్సిన మందు కాబట్టి థర్మాకోల్ డబ్బాలో ఐస్ ప్యాక్ పెట్టించుకుని బండి మీద తెచ్చాను. టైముందని తెలుసు, అయినా టెన్షన్ టెన్షనే.

ఆ సాయంత్రమే బాబు కళ్లు పచ్చబడ్డాయి. సూది ఆలస్యమైనందుకేనేమో అని నా గుండె జారిపోయింది. అది వేరే సంగతన్నారు పిల్లల డాక్టరు. తల్లి ఓ, బిడ్డ బి అయితే కొందరు పిల్లలకు ఇలా కామెర్లు వస్తాయట, ఆ సూదికీ దీనికీ సంబంధం లేదు. కళ్లకు గంతలు కట్టి రెండు రోజులు నీలం లైటు కింద పడుకోబెడితే తగ్గింది. లైటుకు ఎంతవుతుందో ముందే చెప్పారు, బిల్లులోనూ అంతే ఉంది.

ఇక్కడ కాన్పు పెట్టుకునే నెగెటివ్ వాళ్లు తొమ్మిదో నెల పడగానే ఇంజెక్షన్ ఉందో లేదో కౌంటర్లో అడిగి పెట్టుకోండి. డిశ్చార్జి రోజు మందులు తీసుకుంటుంటే కౌంటరబ్బాయి నవ్వుతూ "యాంటీ-డి స్టాకొచ్చింది సార్" అన్నాడు.