మావాడి ఇయర్ మఫ్స్: ఏడు నెలలు వాడాక

మా బాబుకి 11 ఏళ్లు, ఆటిజం ఉంది. వాడికోసం చప్పుడు తగ్గించే ఇయర్ మఫ్స్ ఆన్‌లైన్‌లో 1,150 రూపాయలకు కొన్నాను. పాటలు వినేవి కావు. బ్యాటరీ, వైరు ఉండవు. ఫ్యాక్టరీల్లో మిషన్ల దగ్గర పెట్టుకునే రకం. 25 డెసిబెల్స్ తగ్గిస్తాయని డబ్బా మీద ఉంది.

పండగ ముందు నెల్లూరు ట్రంకు రోడ్డులో బట్టల షాపుకి వెళ్లాం. కళ్లు చెదిరే లైట్లు, మైకులో ఆఫర్ల కేకలు, సెంటు వాసన. పది నిమిషాలకే చెవులు మూసుకుని నేలమీద కూర్చుండిపోయాడు. మఫ్స్ పెట్టి, బయట ఆటోలో కూర్చోబెట్టాను. కాసేపటికి "అమ్మా, నీళ్లు" అన్నాడు. నా ప్రాణం కుదుటపడింది.

ఇంకోసారి, పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు రోజు రాత్రి. ఇంట్లో ఫ్యాను తప్ప చప్పుడే లేదు. "ఇంజెక్షన్ వేస్తారా?" అని ఇరవైసార్లు అడిగాడు. షాపులో లాగే ఏడుపు, చేతులు ఊపడం. అలవాటుగా మఫ్స్ పెడితే విసిరికొట్టాడు. వాడిది రేపటి గురించిన టెన్షన్ అని అప్పుడు తట్టింది. డాక్టర్ దగ్గర ఏది తర్వాత ఏది జరుగుతుందో బొమ్మలు గీసి చూపించాక పడుకున్నాడు.

షాపులో మోత, లైట్లు తట్టుకోలేకపోవడం, ఇంట్లో రేపటి గురించిన టెన్షన్: ఇన్నేళ్లూ ఈ రెండూ ఒకటే అనుకున్నాను. షాపులో వాడు అలా అయిపోతే "భయం లేదు నాయనా" అంటూ ఆపకుండా మాట్లాడేదాన్ని. ఆ మోతలో నా మాటలు ఇంకో మోత. తలచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది.

రెండూ కలిసే రోజులూ ఉంటాయి. ఆ షాపు పేరెత్తితే ఇప్పుడు ఇంటి దగ్గరే టెన్షన్ మొదలు. మఫ్స్ చేతికిచ్చి, "ఎప్పుడు వద్దంటే అప్పుడు బయటికొచ్చేద్దాం" అంటే వస్తాడు.

లోపాలూ చెప్పాలి. మన ఎండలకి చెవుల చుట్టూ చెమటే చెమట. అరగంట దాటితే బ్యాండు నొక్కి ఎర్రగా అవుతుంది. ఒక కుషన్ అప్పుడే చిట్లింది, విడిగా దొరకడం లేదు. లైట్లకీ వాసనలకీ ఇవేం చేయలేవు. స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగ జనంలో ఒళ్లు ఒరుసుకుంటుంటే వీటితో నిలబడలేకపోయాడు, వెనక్కి తెచ్చేశాం. రోజంతా పెట్టి ఉంచితే మామూలు శబ్దాలు కూడా ఓర్చుకోలేకుండా అవుతారని థెరపిస్టు హెచ్చరించారు. అందుకే మిక్సీకి, షాపులకి, పెళ్లిళ్లకి మాత్రమే.

స్కూలు బ్యాగులో ఉంచడానికి ఇంకో జత ఆర్డర్ పెట్టాను.