పద్దెనిమిదేళ్లుగా నా మెడలో ఉన్న తెల్ల బ్యాండు

న్యాయవాదిగా మొదటిరోజు మా సీనియర్‌గారి గుమాస్తా నా మెడకు కట్టిన బ్యాండు (మెడ పట్టీకి ముందువైపు రెండు తెల్ల నాలుకల్లా వేలాడే గుడ్డ) నూలుది, వెనక ముడివేసుకునే నాడా ఉన్నది. తేలికగా ఉంటుందని రెండు నెలలకే వెల్‌క్రో ఉన్న పాలిస్టర్ బ్యాండుకు మారాను. ఆరేళ్లు వాడి మళ్లీ నాడాకే వచ్చాను. కొత్తగా కోర్టులో అడుగుపెట్టే తమ్ముళ్లకు నా సలహా కూడా అదే.

పాలిస్టర్‌కు ఇస్త్రీ బాధ లేదు, నిజమే. కానీ విజయవాడ ఎండల్లో అది చెమట పీల్చదు. మధ్యాహ్నానికి కాలరు కింద మెడ ఒరుసుకుపోయి మండుతుంది. వెల్‌క్రోలో పోగులు చేరి పట్టు సడలిపోతుంది. ఒకసారి క్రాస్ ఎగ్జామినేషన్ మధ్యలో నా బ్యాండు ఊడి కాగితాల మీద పడింది. సరిగ్గా సాక్షి తడబడుతున్న క్షణం అది. నేను వంగి దాన్ని సర్దుకునేలోగా అతడు ఊపిరి తీసుకుని జవాబు కూడగట్టుకున్నాడు. ఆ సాయంత్రమే ఐదు నూలు బ్యాండ్లు కుట్టించుకున్నాను.

కట్టుకునేటప్పుడు ముందు చొక్కా పైగుండీ పెట్టాలి. కాలరు పైకెత్తి, పట్టీని చుట్టూ తిప్పి, వెనక ముడివేసి, కాలరు దించాలి. ముడిలో వేలు దూరేంత వదులు ఉండాలి, లేకపోతే గంటసేపు వాదించాక గొంతు పట్టేస్తుంది. రెండు నాలుకలూ గుండీని కప్పేసి, కిందికి పోనుపోను కొద్దిగా విడిపోవాలి.

నూలుకు గంజే ప్రాణం. పల్చని గంజి వడకట్టి నాలుకలను మాత్రమే ముంచుతాను, పట్టీకి తగలనివ్వను. గంజి పెట్టిన పట్టీ మెడను గీరుతుంది. నీడన ఆరేసి, ఇంకా చెమ్మ ఉండగానే వెనకవైపు నుంచి ఇస్త్రీ చేయాలి.

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల ప్రకారం జిల్లా కోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా బ్యాండు తప్పదు. కింది కోర్టుల్లో నల్ల టై చాలు. నేను అక్కడికీ బ్యాండుతోనే వెళతాను. 17వ శతాబ్దపు ఇంగ్లండులో మగవాళ్ల భుజాల మీద పరుచుకున్న వెడల్పాటి కాలరే కుదించుకుపోయి ఈ రెండు నాలుకలుగా మిగిలింది. అంత పాత గుడ్డముక్కను శుభ్రంగా కట్టుకుని నిలబడడం నాకు ఇష్టం.

కోటు లోపలి జేబులో, అట్టముక్కల మధ్య, ఇంకొకటి ఎప్పుడూ ఉంటుంది. మరచిపోయి వచ్చిన జూనియర్ల మెడలకు అది చాలాసార్లు వెళ్లివచ్చింది.