లోరియాన్: బసతో జాగ్రత్త, మ్యూజియం మాత్రం మానకండి

ఫ్రాన్స్ పశ్చిమ తీరంలోని లోరియాన్ రేవుపట్టణానికి వెళ్లే తెలుగువారు ముందుగా జాగ్రత్తపడవలసినది అక్కడి అద్దె గదుల విషయంలో. రాత్రికి 84 యూరోలు పుచ్చుకున్న మా గదికి ఓడరేవు కనిపించే కిటికీ ఉందని ప్రకటనలో రాశారు గాని, తెరిచి చూస్తే పక్కింటి గోడ తప్ప మరేమీ లేదు. తలుపు తీసే మనిషే లేడు. ఫోనుకు పంపవలసిన తాళం సంఖ్య అందే దాకా సామానుతో వానలో నిలబడ్డాము. పైగా వంటగట్టు మీద అంతకుముందువారి కాఫీ మరకలు అలాగే ఉండగా, శుభ్రం చేసినందుకని మరో 35 యూరోలు వసూలు చేశారు. మా ఆవిడ ఆ పూటంతా నాతో మాట్లాడలేదు.

ఊళ్లో పాత వీధుల కోసం వెతకడం దండగ. 1666లో 14వ లూయీ ఇచ్చిన నేలలో ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ ఓడలు కట్టడం మొదలుపెట్టగా పుట్టిన ఈ పట్టణం 1943 జనవరి, ఫిబ్రవరి నెలల్లో మిత్రరాజ్యాల బాంబులకు దాదాపుగా నేలమట్టమైంది. వారి గురి అయిన కెరొమాన్ జర్మన్ జలాంతర్గామి స్థావరం మాత్రం, కొన్నిచోట్ల 7 మీటర్లకు పైగా మందమున్న కాంక్రీటు కప్పుతో, నేటికీ చెక్కుచెదరలేదు.

చరిత్ర కావాలంటే నీళ్లు దాటి పోర్ లూయి కోటకు వెళ్లాలి. సిటీ బస్సు టికెట్టే పడవకూ చెల్లుతుంది. కోటలోని కంపెనీ మ్యూజియంలో ఓడల నమూనాలు, చైనా పింగాణీతో పాటు కోరమాండల్ తీరపు అద్దకపు బట్టలు ఉన్నాయి. స్థానిక నేతగాళ్లను కాపాడేందుకు ఫ్రాన్స్ ఆ రకం బట్టలను 1686 నుంచి 1759 దాకా నిషేధించినా, వాటి మోజు తగ్గలేదు, దొంగ రవాణా ఆగలేదు. ఈ కంపెనీ 1669లోనే మచిలీపట్నంలో కోఠీ పెట్టింది కనుక, కృష్ణా జిల్లాలో పుట్టిన మా ఆవిడకు అక్కడ అలక తీరింది. కలంతో గీసిన గీతకూ అచ్చుతో వేసినదానికీ తేడా ఏమిటో ఆమె నాకు పాఠమే చెప్పింది.

భోజనానికి గాలెత్ తినండి: నల్లగోధుమ అని పిలిచే బక్‌వీట్ పిండితో వేసే పెద్ద దోసె లాంటిది, గుడ్డు, చీజు వేసినదానికి 9 యూరోల 50 సెంట్లు తీసుకున్నారు. మాంసం తిననివారు పందిమాంసం వద్దని ముందే చెప్పాలి. ఒక్కరోజే ఉంటే ఉదయం పోర్ లూయి, మధ్యాహ్నం కెరొమాన్‌లోని ‘ఫ్లోర్’ అనే జలాంతర్గామి చూడండి. రాత్రికి ఉండదలిస్తే, పది యూరోలు ఎక్కువైనా, కౌంటరు దగ్గర మనిషి ఉండే హోటలే తీసుకోండి.