మస్టాంగ్‌కి పీపీఎఫ్: బానెట్ కన్నా వెనక ఫెండర్ ముఖ్యం

పీపీఎఫ్ అంటే పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్, రాళ్ల దెబ్బల నుంచి కాపాడటానికి బండి పెయింట్ మీద అంటించే పారదర్శక పొర. దాని గురించి నన్ను అడిగేవాళ్లంతా బానెట్ గురించే అడుగుతారు. షాపుల్లో అమ్మే ‘ఫుల్ ఫ్రంట్’ ప్యాకేజీ కూడా అంతే. ముందు బంపర్, బానెట్, ముందు ఫెండర్లు, అద్దాలు, అక్కడితో సరి. నా ఫోర్డ్ మస్టాంగ్ జీటీ స్పోర్ట్స్ కారు మీద ఈ ఫిల్మ్ కొన్నేళ్లుగా ఉంది. ఇంతకాలం వాడాక నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. బడ్జెట్ సరిపోకపోతే బానెట్ వదిలేయండి కానీ, వెనక చక్రాల ముందుండే ఫెండర్ భాగాన్ని, తలుపుల కింద సైడ్ సిల్‌ని మాత్రం వదలొద్దు.

ముందు లారీ పోతుంటే దూరం పాటించి బానెట్‌ని కొంతవరకు కాపాడుకోవచ్చు. మన టైరే లేపి కొట్టే రాయి నుంచి ఎలా తప్పించుకుంటాం? స్పోర్ట్స్ కార్ల టైర్లు వెడల్పు. ముందు టైరు రోడ్డు మీది కంకరను లేపి వెనక్కి విసురుతుంది. వెనక ఫెండర్ బాడీ కన్నా బయటికి ఉబ్బి ఉంటుంది కాబట్టి ఆ దెబ్బలన్నీ తిన్నగా దానికే. పైగా ఈ తరం మస్టాంగ్‌లో బానెట్, ముందు ఫెండర్లు అల్యూమినియంవి. బోల్టులు విప్పితే ఊడి వస్తాయి, ఇనుములా ఎర్రటి తుప్పు పట్టవు. వెనక ఫెండర్ అలా కాదు, స్టీలుది, బాడీకి వెల్డింగ్ చేసి ఉంటుంది. అక్కడ పెయింట్ లేచి లోపలి రేకు బయటపడితే ఒక్క వానాకాలం చాలు, తుప్పు మొదలవుతుంది. రీపెయింట్ చేయిస్తే రంగు కలవడానికి పక్క ప్యానెళ్ల దాకా పోవాల్సి వస్తుంది.

నాకు పని మీద హన్మకొండ నుంచి కరీంనగర్ పోవడం మామూలే. ఎల్కతుర్తి, హుజూరాబాద్ మీదుగా ఆ రోడ్డు నాలుగు లైన్ల పని నడుస్తుండగా కూడా ఈ బండిలోనే తిరిగాను. ఒక ఎండాకాలం సాయంత్రం హుజూరాబాద్ దాటి వస్తుంటే బండ్లను పక్కకు మళ్లించారు. అక్కడ కొత్తగా తారు చల్లి సన్న కంకర పరిచిన ముక్క ఒకటి ఉంది. బోర్డు లేదు, చీకటి పడుతోంది. టైర్లకు తారు అంటింది, తారుకు కంకర అంటింది. తర్వాత మంచి రోడ్డు ఎక్కి కొంచెం వేగం పెంచగానే రెండు వైపులా టపటపమని మొదలైంది, చాలాసేపు ఆగలేదు. ఆ చప్పుడు వింటుంటే కడుపులో తిప్పేసింది.

తెల్లారి చూస్తే రెండు వెనక ఫెండర్ల నిండా తారు చుక్కలు. తారు తీశాక ఫిల్మ్ మీద లెక్కలేనన్ని గాట్లు కనిపించాయి, కొన్నిచోట్ల చిరిగి రంధ్రాలు కూడా పడ్డాయి. తెల్ల బండి కదా, ప్రతి రంధ్రంలో నల్లటి దుమ్ము చేరి, పెయింటే పోయిందేమో అన్నట్టు కనిపించింది. షాపుకి తీసుకెళ్లి ఆ ముక్క మార్చమన్నాను. కుర్రాడు హాట్ ఎయిర్ గన్‌తో వేడి చేస్తూ, ఒక అంచు పట్టుకుని నిదానంగా లాగుతుంటే పక్కనే నిలబడ్డాను. సగం వచ్చాక “అన్నా, లోపల కొత్త బండి లెక్కనే ఉంది, చూడుండ్రి” అన్నాడు. చెయ్యి వేసి తడిమి చూశాను. చిరిగిన చోట్ల కింద కూడా పెయింట్ నున్నగా ఉంది. ఆ నిమిషంలో నాకు కలిగిన సంతోషం బండి కొన్నరోజు కూడా కలగలేదు.

కంపెనీ పెయింట్ అన్ని పొరలూ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. మంచి ఫిల్మ్ ఒక్కటే 200 మైక్రాన్ల దాకా ఉంటుంది. పాలీయురెథేన్ కాబట్టి సాగుతుంది, దెబ్బ శక్తిని తను పంచుకుంటుంది. పెయింట్ మీద పూసే సిరామిక్ కోటింగ్ ఈ పని చేయలేదు. దాని మందం చాలా తక్కువ, అది మెరుపుకీ, మురికి సులభంగా పోవడానికే పనికొస్తుంది. రాళ్ల కోసం సిరామిక్ చేయించుకోమని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇక మొదట్లో నేను అందరికీ గొప్పగా చెప్పిన ‘సెల్ఫ్ హీలింగ్’ సంగతి. గుడ్డతో తుడిచినప్పుడు పడే సన్నగీతలు ఎండకు నిజంగానే మాయమవుతాయి, మన ఎండలకైతే ఇంకా తొందరగా. కానీ రాయి చీల్చిన గాటు ఎన్ని ఎండలు కాసినా పూడదు. మా ఇంటి బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. కడిగి ఎండలో వదిలేస్తే తెల్లటి మరకలు పడుతున్నాయి, వెంటనే తుడవాల్సిందే. సైడ్ సిల్ దగ్గర అంచులు కూడా కొంచెం లేచాయి. వాటర్ సర్వీసింగ్ వాళ్లు ప్రెజర్ గన్ దగ్గరగా పెట్టి అంచు మీద కొడితే అంతే మరి. ఇప్పుడు నేనే దగ్గరుండి దూరం నుంచి కొట్టిస్తున్నాను.

ముందు బంపర్ విషయంలో మాత్రం మనసు నొచ్చింది. నాది సెకండ్ హ్యాండ్ బండి. అక్కడ ఫిల్మ్ మార్చేటప్పుడు ఒక మూల పెయింట్ కూడా లేచి వచ్చింది. పాత ఓనర్ బంపర్‌కి రీపెయింట్ చేయించాడని అప్పుడు తెలిసింది. రీపెయింట్ పట్టు కంపెనీ పెయింట్ అంత గట్టిగా ఉండకపోవచ్చు. షాపు వాళ్లు పెయింట్ మందం కొలిచే మీటర్ పెట్టి అంతా బాగుందన్నారు కానీ, మామూలు మీటర్లు రేకు మీదే పనిచేస్తాయి, ప్లాస్టిక్ బంపర్ మీద పనిచేయవు. అది వాళ్లు ముందే చెప్పి ఉండాల్సింది. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లు బంపర్‌కి రీపెయింట్ అయిందా అన్న ఈ ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి.

నాకు కవర్డ్ పార్కింగ్ ఉంది, బండి తెలుపు, తిరిగేది టిప్పర్లు తిరిగే రోడ్ల మీద. అందుకే వెనక ఫెండర్ ఫిల్మ్ చిరిగినప్పుడల్లా ఆ ముక్క మారుస్తాను, ఆ ఖర్చుకు బాధ లేదు. బండి మొత్తానికి వేయించాలంటే లక్ష దాటుతుంది, దాన్ని నేను సిఫారసు చేయలేను. ఆదివారం పొద్దున హన్మకొండలోనే ఒక చుట్టు తిప్పి షెడ్డులో పెట్టే బండికైతే ఫెండర్లు, సిల్ చాలు. నల్ల బండి, ఆరుబయట పార్కింగ్ అయితే ఫిల్మ్ ఎలా నిలుస్తుందో అలాంటి బండి వాడినవాళ్లనే అడగండి.