మ్యాజిక్ ఆన్‌లైన్ లీగ్ డెక్ జాబితాలు: ఎంతవరకు నమ్మవచ్చు?

మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆటకు కంప్యూటర్ రూపం మ్యాజిక్ ఆన్‌లైన్. అందులో ఆటగాడు తన డెక్‌తో, అంటే తాను కూర్చుకున్న కార్డుల కట్టతో, 5 మ్యాచ్‌లు ఆడే పోటీయే లీగ్. లీగ్‌లో 5 మ్యాచ్‌లూ గెలిచిన డెక్‌ల జాబితాలను మ్యాజిక్ ఆన్‌లైన్ ప్రచురిస్తుంది. 2017లో ఈ ఆటను తయారుచేసే విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ వాటి సంఖ్యను రోజుకు 10 నుంచి 5కు తగ్గించి, ఆ తర్వాత ఒకదానికొకటి కనీసం 10 కార్డుల తేడా ఉన్నవాటినే ఎంచి చూపడం మొదలుపెట్టింది. అందరూ ఒకే డెక్‌ను అనుకరిస్తే ఆట త్వరగా విసుగు పుట్టిస్తుందన్న, ఈ మార్పు వెనుకనున్న ఆలోచనను నేను గౌరవిస్తాను. కొత్త వ్యూహాలు వెతికేవారికి ఈ జాబితాలు నిజంగానే పనికొస్తాయి. అయితే ఒక డెక్‌తో ఇరవై మంది గెలిచినా, ఒక్కరే గెలిచినా ఆ విడతలో అది ఒక్కసారే కనిపిస్తుంది కాబట్టి, వీటిని బట్టి డెక్ బలాన్ని అంచనా కట్టలేము. ఓడిన డెక్‌ల ఊసే ఉండదు గనుక గెలుపు శాతం అసలే తేలదు. 60 కార్డుల డెక్‌లో ల్యాండ్‌లు (మిగతా కార్డులు ఆడేందుకు శక్తినిచ్చే కార్డులు) 20 ఉండాలా, 21 ఉండాలా, 15 కార్డుల సైడ్‌బోర్డులో (మ్యాచ్‌లోని ఆటల మధ్య మార్చుకునేందుకు పక్కన ఉంచే కార్డుల్లో) ఫలానా కార్డు రెండు పెట్టాలా, మూడు పెట్టాలా అన్న చిన్న తేడాలే పోటీ ఆటగాడికి ప్రాణం. పది కార్డుల నియమం సరిగ్గా వాటినే వడకట్టేస్తుంది. పెద్ద బృందాలు తమ మ్యాచ్‌ల ఫలితాలను తామే నమోదు చేసుకుని ఈ లోటు పూడ్చుకోగలవు. ఒంటరిగా సాధన చేసేవారికి ఆ వీలు లేదు. అటువంటివారు మ్యాజిక్ ఆన్‌లైన్‌లోనే జరిగే ఛాలెంజ్ టోర్నమెంట్లలో పై స్థానాలు పొందిన డెక్‌లను ముందుగా చూడాలని నా సలహా.